రెండుకాళ్ల మామిడి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలిచ్చి బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. పొద్దుటి నుంచి మాట్లాడినవాళ్లు బెత్తం దెబ్బలు, గోడ దూకడాలు, లెక్కల పరీక్ష రోజు వచ్చే జ్వరాలు, అన్నీ చెప్పేశారు. నాకు మిగిలింది ఒక చెట్టే. పదో తరగతి గదుల వెనక, బోరింగు పక్కన, చుట్టూ ఇనుప కంచె ఉన్న మామిడి చెట్టు. ఇప్పటి పిల్లలు దాన్ని రెండుకాళ్ల మామిడి అంటారు. పొద్దున్న టిఫిన్ల దగ్గర మన 1992 బ్యాచ్ తమ్ముడొకరు "దానికి ఆ రెండో కాలు ఎందుకొచ్చిందండీ, ఏదైనా జబ్బా?" అని అడిగారు. అప్పుడు చేతిలో ఇడ్లీ ఉండి జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

నేను 1978లో ఇక్కడ పదో తరగతి పూర్తి చేశాను. మన సంఘం పుట్టినప్పుడు నేను ఎనిమిదిలో ఉన్నాను. మొదటి సమావేశానికి పెద్దవాళ్లకు మంచినీళ్లు అందించిన కుర్రాళ్లలో నేనొకణ్ణి. తర్వాత వ్యవసాయ కళాశాలలో చదివి, ఉద్యాన శాఖలో చేరి, రైతులకు తోటల గురించి చెప్పడమే ఉద్యోగంగా ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ కథలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది తెలియనివాడు చేసిన తప్పు కాదని మీకు ముందే చెప్పాలి.

మా బ్యాచ్‌లో మాకొక గోల్‌కీపరు ఉండేవాడు. పేరు చెప్పను, మా వాళ్లందరికీ తెలుసు. 2012లో గుండెపోటుతో పోయాడు, యాభై ఏళ్లకే. మరుసటి ఏడాది జూలైలో మేమంతా కలిసి వాడి పేరు మీద ఇక్కడ ఒక మామిడి అంటు నాటాం. బంగినపల్లి పెడదామని కొందరన్నారు. నేను సువర్ణరేఖ అన్నాను. మన విశాఖ, విజయనగరం నేలల్లో పుట్టి పెరిగిన రకం, మిగతా మామిళ్ల కంటే ముందు కాపుకొస్తుంది, పసుపు రంగు పండుకు భుజం మీద ఎర్రటి బుగ్గ ఉంటుంది. అసలు కారణం అది కాదనుకోండి. చిన్నప్పుడు మేమిద్దరం దొంగతనంగా కోసింది ఆ చెట్టు కాయలే. ఆ తోట వారసులు ఎవరైనా సభలో ఉంటే క్షమించాలి.

వాడి అమ్మగారు, నేను పిన్ని అని పిలిచేవాణ్ణి, బడికి నాలుగిళ్ల అవతల ఉండేవారు. మేము నాటి వెళ్లిపోయాం. రోజూ పొద్దున్నే బిందెతో వచ్చి నీళ్లు పోసింది ఆవిడ. అప్పటికే డెబ్బై దాటిన మనిషి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఇక్కడున్నవాళ్లకు ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు. నా ఉద్యోగం అప్పుడు గోదావరి వైపు. తోటల నష్టం లెక్కలు రాయడానికి నన్ను ఇటు పంపారు. అయిదో రోజుకు బడికి రాగలిగాను. మనందరం నీడన కూర్చున్న నిద్రగన్నేరు సగానికి చీలి, ఒక పెద్ద కొమ్మ సరిగ్గా మన మొక్క మీద పడి ఉంది. అటెండరు, నేను కలిసి కొమ్మ తొలగించాం. అయిదడుగుల మొక్క. ఒక పక్క వేళ్లు నేలలోంచి లేచి, మొక్క పూర్తిగా తూర్పుకు ఒరిగిపోయింది. పంగ దగ్గర రెండు కొమ్మల్లో ఒకటి విరిగి బెరడు పట్టుకుని వేలాడుతోంది. ఒక్క ఆకు లేదు.

అప్పటి ప్రధానోపాధ్యాయులు మంచి మనసుతోనే ఒక మాటన్నారు. "ఇది పోయినట్టేనండీ. మీ శాఖ నర్సరీలో ఇదే రకం, ఇంతే ఎత్తు మొక్క దొరక్కపోదు. రాత్రికి రాత్రి మార్చేద్దాం. పెద్దావిడకు తెలియనక్కర్లేదు." నిజం చెప్పొద్దూ, నాకూ అదే సుఖమనిపించింది. ఆ వారంలో కూలిన కొబ్బరి, జీడి తోటలు ఎన్నో చూసి వచ్చాను. వాటి ముందు ఒక మొక్క ఎంత?

ఇంతలో పిన్ని వచ్చారు. చేతిలో బిందె. అయిదు రోజులుగా కరెంటు లేదు, ఎక్కడ తోడి తెచ్చారో ఆ నీళ్లు. నేను మొక్క దగ్గర కూర్చుని బొటనవేలి గోటితో బెరడు మీద చిన్న గీత గీశాను. బతికున్న మొక్కైతే పైపొర కింద పచ్చగా, తడిగా కనిపిస్తుంది. చచ్చినదైతే గోధుమ రంగులో పొడిగా ఉంటుంది. విరిగిన కొమ్మ మీద గీస్తే గోధుమ రంగు. నిలిచిన కొమ్మ చివర గోధుమ రంగు. జానెడు కిందికొచ్చి గీస్తే పచ్చ. మాను మీద పచ్చ.

"బతుకుతాదా నాయనా?" అన్నారు పిన్ని.

"చెప్పలేను పిన్నీ. కొత్తది తెచ్చి పెడదామనుకుంటున్నాం" అన్నాను. మార్చేద్దామనుకున్న సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కొత్తది పెడితే పెట్టండి. దీన్ని మాత్రం పీకీకండి" అన్నారావిడ. బిందెలో నీళ్లు ఆ ఒరిగిన మొక్క మొదట్లోనే పోసి వెళ్లిపోయారు.

అలా మొదలైంది. నేల ఇంకా మెత్తగా ఉంది కాబట్టి మొక్కను మెల్లగా లేపాం. ఒరిగిన మొక్కను లాగి నిలబెట్టకూడదు. లేచిన వేళ్ల కింద మట్టిని కొంచెం తవ్వి చోటు చేసి, వేళ్లు తిరిగి ఆ చోట్లో కూర్చునేలా దించాలి. పైన మట్టి కప్పి చేత్తో అదమాలి గానీ కాలితో తొక్కకూడదు, తొక్కితే మిగిలిన సన్న వేళ్లు తెగుతాయి. విరిగిన కొమ్మను చీలిక కింది వరకు పదునైన కత్తితో నున్నగా కోశాం. చివర ఎండిన భాగం పచ్చ కనిపించే దాకా తీశాం. అంతకు మించి ఒక్క కొమ్మా ముట్టుకోలేదు. దెబ్బ తిన్న మొక్కకు ఆకు వేయగల ప్రతి మొగ్గా కావాలి, అందంగా కత్తిరించే సమయం అది కాదు.

ఇక నా తప్పు. పొద్దు గూకుతోంది, నేను మరో మండలానికి వెళ్లాలి. ఊతం కోసం దగ్గరున్న ఇనుప కడ్డీ పాతి, జీపులో ఉన్న నైలాన్ తాడుతో మొక్కను దానికి గట్టిగా, రెండు చోట్ల బిగించి కట్టేశాను. రైతులకు నేనే చెప్పేవాణ్ణి, ఊతకర్రలు రెండుండాలి, మొక్కకు జానెడు దూరంలో పాతాలి, కొబ్బరి పీచు తాడో పాత చీర పేలికో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి అని. వేళ్లు కదలకూడదు, పైభాగం మాత్రం గాలికి కాస్త ఊగాలి, ఊగితేనే మాను లావెక్కుతుంది. ఇవన్నీ ఎన్ని సభల్లో చెప్పానో. చెప్పడానికి తీరిక ఉంటుంది, చేసేటప్పుడు జీపు హారన్ కొడుతూ ఉంటుంది.

నవంబరు చివర్లో అటెండరు ఫోన్ చేశాడు. కూలిన కంచె ఇంకా కట్టలేదు, మేకలు పడ్డాయి. వచ్చిన ఇగురు తినేసి, మాను బెరడు కూడా గీకేశాయి. ఆ ఆదివారమే బస్సెక్కి వచ్చాను. మేకలను అనడానికి లేదు, తుపాను తర్వాత వాటికీ మేత లేదు. కానీ చూసిన దృశ్యం బాధాకరం. నేల నుంచి అడుగు ఎత్తున మాను చుట్టూ ముప్పావు వంతు బెరడు పోయింది. మిగిలిన పావు వంతు పడమటి పక్కన, నా ఇనుప కడ్డీ చాటున. కడ్డీ కాపాడిందని సంతోషించబోయాను. దగ్గరికెళ్లి చూస్తే, గాలికి ఊగినప్పుడల్లా నైలాన్ తాడు ఒరుసుకుని, ఆ మిగిలిన పావు వంతులోనూ సగం దాకా కోసేసింది. మేకలు వదిలిపెట్టినదాన్ని నేను కోశానన్నమాట.

ఇక్కడ సైన్సు మాస్టార్ల అనుమతితో ఒక్క నిమిషం పాఠం. వేళ్లు పీల్చిన నీరు మాను లోపలి కర్ర గుండా పైకి వెళ్తుంది. ఆకులు వండిన ఆహారం బెరడు గుండా కిందికి దిగుతుంది. రెంటికీ మధ్య జిగటగా, పలుచగా ఉండే పొరే కొత్త కర్రనూ కొత్త బెరడునూ పుట్టిస్తుంది. బెరడు చుట్టూ పోయినా మొక్క వెంటనే వాడదు. నీరు పైకి ఎక్కుతూనే ఉంటుంది, ఆకులు పచ్చగానే ఉంటాయి. కింద వేళ్లు మాత్రం తిండి లేక చిక్కిపోతుంటాయి. నెలలు గడిచాక ఒక రోజు మొక్క మొత్తం ఒక్కసారిగా ఎండిపోతుంది. "మొన్నటి దాకా బాగానే ఉందండీ" అని రైతులు అంటుంటారు. బాగా లేదు, బాగున్నట్టు కనిపించింది.

నైలాన్ తాడు, కడ్డీ తీసి పారేశాను. గాయం అంచుల్లో చిట్లిన బెరడును కత్తితో నున్నగా చేసి బోర్డో పేస్టు పూశాం. మైలుతుత్తం వంద గ్రాములు ఒక పాత్రలో, సున్నం వంద గ్రాములు మరో పాత్రలో విడిగా కలిపి, రెండూ ఒక చోట పోసి మొత్తం లీటరు చేస్తే చాలు. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్ర వాడాలి, ఇనుము పనికిరాదు. వెదురు గుంజలు రెండు పాతి, పిన్ని ఇచ్చిన పాత చీర చించి వదులుగా కట్టాం. ముళ్లకంప తెచ్చి తాత్కాలికంగా కంచె వేశాం. ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు వచ్చి సాయం చేశారు. అందులో ఒకమ్మాయి "మేం ఏం చెయ్యాలి సార్?" అని అడిగింది. పురికొస ముక్క ఇచ్చి, ప్రతి నెలా ఒకటో తేదీన గాయం పైన మాను చుట్టుకొలత చూసి ముడి వేయమన్నాను. ఏదో పని చెప్పాలని చెప్పాను, అంతే.

జనవరిలో వచ్చేసరికి ఉన్న నాలుగు ఆకుల అంచులూ మాడి ఉన్నాయి. విషయం ఏమిటంటే, మా బ్యాచ్ మిత్రుడొకడు సంక్రాంతికి వచ్చి, మొక్క నీరసంగా ఉందని రెండు గుప్పిళ్ల యూరియా వేశాడు. వాడిప్పుడు మూడో వరసలో తల దించుకుని నవ్వుతున్నాడు, కోప్పడకండి. ప్రేమతో వేసినదే. ఆకు లేని మొక్క, వేరు చిక్కిన మొక్క ఎరువును తినలేదు. జ్వరంలో ఉన్నవాడికి మనం జావ పోస్తాం గానీ బిర్యానీ పెట్టం కదా. నాలుగు రోజులు వరసగా పాదు నిండా నీళ్లు పెట్టించి ఆ యూరియాను కడిగించాం. పాదులో ఎండుటాకులు పరిపించాం, మానుకు తగలకుండా బెత్తెడు దూరం వదిలి. కొత్త ఆకులు వచ్చి, ముదిరి, ముదురాకుపచ్చ రంగు తిరిగే దాకా ఎరువు వద్దని పలక మీద రాసి కంచెకు వేలాడదీశాం. ఆ పలక మీద ఎవరో చిన్నవాడు "యూరియా వేసినవారికి వంద గుంజీళ్లు" అని చేర్చాడు.

మార్చిలో నా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. మొదట్లోంచి మూడు చివుళ్లు, ఎర్రగా, నిగనిగలాడుతూ. మా వాట్సాప్ గ్రూపంతా చప్పట్లు. నాకు మాత్రం గుండె జారింది. అవి అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చాయి. అంటు మొక్కలో కింది భాగం టెంక నుంచి మొలిచిన ఏదో నాటు మామిడి. పై భాగమే సువర్ణరేఖ. పై నుంచి దిగే ప్రవాహం గాయం దగ్గర తెగితే, కింద నిద్రపోయే మొగ్గలకు అడ్డు చెప్పేవాళ్లుండరు, లేస్తాయి. వాటిని వదిలేస్తే అవే చెట్టవుతాయి, పైది చస్తుంది. ఎన్ని తోటల్లో చూశానో. రైతు సంబరపడి పెంచుకుంటాడు, అయిదేళ్లకు పీచుకాయ కాస్తుంది. పుస్తకం ప్రకారం ఆ పిలకలను వెంటనే తుంచేయాలి.

తుంచడానికే వచ్చాను. రెండు తుంచాను. మూడోది, అన్నింటికంటే బలమైనది, గాయం ఉన్న వైపే నిటారుగా లేచింది. కత్తెర పెట్టబోతూ ఆగాను. నాకు కావలసింది గాయానికి కింద మొదలై పైకి చేరే బెరడు దారి ఒకటి. అది కాళ్ల దగ్గరే మొలిచి నిలబడి ఉంది. వేళ్లు దానివే, తిండి కోసం ఎదురుచూస్తున్నవీ ఆ వేళ్లే. దీని కొసను గాయానికి పైన మానుకు అతికిస్తే? మన పాత తోటమాలులు కుండీలో టెంక మొక్కను చెట్టు దగ్గర పెట్టి, కొమ్మకు ఆనించి అంటు కట్టిన పద్ధతే ఇది. కాకపోతే ఇక్కడ కుండీ అక్కర్లేదు.

పిలకకు సన్న పుల్ల కట్టి నిటారుగా పెంచమని చెప్పాను. ఆగస్టుకు పెన్సిలు లావైంది, మోకాలు దాటి ఎత్తు పెరిగింది. శ్రావణం వానలు, గాలిలో తేమ, అంటుకు మంచి రోజులు. గాయానికి నాలుగు వేళ్ల పైన, మాను మీద రెండంగుళాల పొడవు బెరడును పలుచగా చెక్కాను. పిలక మీద కూడా అంతే పొడవు. రెండు పచ్చి ముఖాలూ ఒకదానికొకటి ఆనించి, అంచులు కలిసేలా పెట్టి, ప్లాస్టిక్ పట్టీతో గాలి దూరకుండా చుట్టాను. సైన్సు మేడమ్ తొమ్మిది, పది తరగతుల పిల్లలను తీసుకొచ్చి చుట్టూ నిలబెట్టారు. చేయి వణికింది. ఉద్యోగంలో వేల అంట్లు కట్టినవాణ్ణి. పిన్ని బోరింగు గట్టు మీద కూర్చుని చూస్తున్నారు, అందువల్ల కావచ్చు.

నవంబరులో పట్టీ విప్పితే అతుకు పట్టింది. అతుకు పైన మిగిలిన పిలక కొసను కోసేశాం, లేకపోతే అది తన దారి తాను చూసుకుంటుంది. పట్టీ కూడా ఆలస్యం చేయకుండా తీసేయాలి. బిగుసుకునేదాని సంగతి నాకు ఒకసారి తెలిసొచ్చింది కదా. అప్పటి నుంచి ఆ చెట్టుకు రెండు కాళ్లు.

ఆ పురికొస సంగతి. ఆ అమ్మాయి నిజంగానే ప్రతి ఒకటో తేదీన ముడి వేసింది. పది పాసై వెళ్లేటప్పుడు కింది తరగతి వాళ్లకు అప్పగించింది. 2015 డిసెంబరు దాకా ముడులన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఉన్నాయి, చెట్టు లావెక్కనే లేదు. తర్వాత ముడికీ ముడికీ మధ్య ఒక నూలు పోగంత ఎడం. 2016 వానల తర్వాత గోరు వెడల్పు. ఆ కొస ఇవాళ ప్రధానోపాధ్యాయుల గదిలో అద్దాల బీరువాలో ఉంది, షీల్డుల పక్కన. మన బడికి వచ్చిన కప్పులన్నింటికంటే నాకు అదే ముద్దు.

మిగిలినది త్వరగా చెబుతాను, కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. పడమటి ఎండకు బెరడు పగలకుండా ప్రతి వేసవికి ముందు మానుకు సున్నం పూశాం. 2017లో ఊతకర్రలు తీసేశాం. కొన్ని రోజులు అది నిలబడలేక ఊగుతున్నట్టు కనిపించింది, పిల్లలు మళ్లీ కడదామన్నారు, వద్దన్నాను. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అటెండరు ఫోన్ చేసి "ఉందండి" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

పూత విషయంలో మాత్రం పిన్నికీ నాకూ గొడవైంది. 2016 లోనే పూసింది. చిక్కిన మొక్క ఒక్కోసారి అలా తొందరపడి పూస్తుంది, అది ఆరోగ్యం కాదు. పూత మొత్తం తుంచేశాను. మరుసటి ఏడాదీ అంతే, ఆ పై ఏడాదీ అంతే. "మూడేళ్లు వరసగా పూత తుంచే చెయ్యి నీది, ఏం చెయ్యిరా నాయనా" అన్నారు. ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. 2019లో వదిలాను. చాలా రాలిపోయి నాలుగు కాయలు నిలిచాయి. ఏప్రిల్ చివర కోశాం. మూడు మధ్యాహ్న భోజనం దగ్గర చిన్న చిన్న ముక్కలు చేసి పిల్లలకు పంచారు. ఒకటి పిన్ని చేతికిచ్చాను. వాసన చూశారు. ఎర్రటి బుగ్గ మీద బొటనవేలు రాశారు. "వాడు పండు దాకా ఆగేవాడేటి? పచ్చిదే ఉప్పూ కారం అద్దుకుని తినీసేవాడు" అన్నారు. కొంగులో కట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. తిన్నారో, ఫోటో ముందు పెట్టారో నేను అడగలేదు. ఆవిడ 2021లో పోయారు.

గాయం పూర్తిగా పూడలేదు. రెండు కాళ్ల మధ్య వంగి చూస్తే లోపల నల్లటి కర్ర కనిపిస్తుంది, అంచుల నుంచి కొత్త బెరడు పెదవుల్లా ముడుచుకుని దాన్ని మూసుకుంటూ వస్తోంది. అక్కడే కాండం తొలిచే పురుగు దూరే ప్రమాదం ఉంది. మాను మీద చిన్న రంధ్రం, దాని కింద రంపపు పొట్టు లాంటిది కనిపిస్తే వెంటనే చెప్పమని ఇప్పటి పిల్లలకు నేర్పాం. ఒకసారి కనిపెట్టారు కూడా, సన్న తీగతో పురుగును లాగేశాం. కింద నుంచి ఇంకా ఏటా ఒకటి రెండు పిలకలు వస్తాయి, వాటిని మాత్రం తుంచేయాలి. ఒక కాలు చాలు, మూడోది అక్కర్లేదు.

భోజనాలు అటు వెనకే పెట్టారు కాబట్టి చాలామంది చెట్టు చూడ్డానికి వెళ్తారు. వెళ్లండి, కంచె లోపలికి కూడా వెళ్లి ఆ రెండో కాలు చేత్తో ముట్టుకుని చూడండి. వచ్చేటప్పుడు గేటు గడియ వేసి రండి, అది కొంచెం వదులుగా ఉంది, పైకెత్తి నొక్కితేనే పడుతుంది. మన ఊళ్లో మేకలు ఇంకా ఉన్నాయి.